ధాన్యపు గదికి నేల చెమ్మ రాకుండ

వడ్లు బాగుగ ఎండబెట్టి గదిలో వేసినను అడుగు వరుస బస్తాలు బూజు పట్టుట మీలో చాలమంది చూచియే యుందురు. విత్తన వడ్లయినచో మొలక చచ్చును. కప్పు కారకున్నను, దీపపు వత్తికి నూనె ఎక్కినట్లు నేల చెమ్మ ఇటుకకు, సిమెంటు గచ్చుకు గూడ ఎక్కును. మూరెడు పాలిథీన్ ముక్కను గచ్చుపై పరచి, అంచులు అంటించి, ఒక రోజు ఉంచి చూడుడు. అడుగున నీటిబొట్లు నిలిచినచో చెమ్మ క్రిందినుండి వచ్చుచున్నట్లే.

దానిపై మరల సిమెంటు పూయుట దండుగ. గచ్చు తీసివేసి, నేలను దిమ్మిసతో గట్టిగ కొట్టి, రెండంగుళముల సన్నని ఇసుక పోసి, 700 గేజి పాలిథీన్ పట్టా పరచి, ఆపైన కాంక్రీటు వేయవలెను. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా గాదె గోడల నడుమ ఉండునది ఈ పట్టాయే. అతుకువద్ద ఆరంగుళములు ఒకదానిపై నొకటి రావలెను. అంచును గోడవెంట పైకి మడువవలెను. ఇసుకలో ఒక్క రాతిమొన ఉన్నను పట్టా చిరిగి ఆ చోటనే చెమ్మ పైకి వచ్చును. తాపీ పనివారు సాధారణముగా దీనిని లెక్కచేయరు. పరచునప్పుడు మీరే దగ్గర నుండుడు.

గోడ చెమ్మను ఈ పట్టా ఆపలేదు గనుక బస్తాలను గోడకు అడుగున్నర ఎడముగ, చెక్కలపై పేర్చుడు. క్రొత్త కాంక్రీటులోని తడికి ఇక పైదారి ఒక్కటే. అది పూర్తిగ ఆరువరకు విత్తనము లోపల పెట్టరాదు.