ఉడుము పట్టు మందులు

రక్తపరీక్ష చేసేచోట ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో రక్తం తీస్తారు, గమనించావా అమ్మలూ? నర్సమ్మ దాన్ని నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేసి పక్కన పెడుతుంది. బయటికి తీసిన రక్తం నిమిషాల్లో గడ్డకట్టాలి కదా, ఇందులో మాత్రం గంటలు గడిచినా కట్టదు. గొట్టం లోపల కంటికి ఆనీ ఆనకుండా పూసి ఉంచిన ఈడీటీఏ అనే పదార్థం చేసే పని అది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం ఉండాలి. ఆ కాల్షియాన్ని ఇది పట్టేసుకుంటుంది. కణాలు విడివిడిగా ఉంటాయి, లెక్కపెట్టుకోవచ్చు.

పట్టంటే అలాంటిలాంటి పట్టు కాదు, ఉడుము పట్టు. ఉడుముకు నాలుగు కాళ్లే, దీనికి ఆరు చేతులు: నైట్రోజన్‌వి రెండు, ఆక్సిజన్‌వి నాలుగు. లోహపు అయాన్‌ను మధ్యలో పెట్టుకుని అన్నివైపులా చుట్టేస్తుంది. ఒక చెయ్యి జారినా మిగతావి వదలవు, ఈలోగా జారినది మళ్లీ అందుకుంటుంది. ఇలా ఒకటికి మించి చేతులతో లోహాన్ని పట్టేవాటినే కీలేట్ కారకాలంటారు.

1935లో జర్మనీలో ఫెర్డినాండ్ మ్యూంజ్ దీన్ని తయారుచేసింది వైద్యానికి కాదు, బట్టల అద్దకానికి. నీళ్లలోని కాల్షియం రంగుల్ని పాడుచేస్తుంటే దాన్ని కట్టిపడేసేందుకు. తర్వాత జ్యూరిక్‌లో ష్వార్జెన్‌బాఖ్ దీనితో నీటి కాఠిన్యం కొలిచే పద్ధతి చూపించాడు. మీ కాలేజీ ల్యాబులో ఎరియోక్రోమ్ బ్లాక్ టీ వేసి, ఎర్రటి నీళ్లు నీలంగా మారేదాకా బ్యూరెట్ తిప్పుతారే, అదే. వరికి జింకు లోపం వస్తే రైతు ఎరువుల కొట్లో అడిగే జింక్ ఈడీటీఏ కూడా ఈ కుటుంబమే. పట్టులో ఉన్న జింకు మట్టిలో చిక్కుపడకుండా మొక్కకు అందుతుంది.

మరి ఇంత పట్టున్నదాన్ని మనిషి ఒంట్లోకి ఎక్కిస్తే? రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. అందుకే సీసం విషమెక్కినవాళ్లకు ఇచ్చే ఈడీటీఏను ఉత్త చేతులతో పంపరు. ముందే కాల్షియం పట్టించి పంపుతారు. రక్తంలోని కాల్షియం జోలికి అది పోదు, చేతులు ఖాళీగా లేవుగా. సీసం ఎదురైతే మాత్రం కాల్షియాన్ని వదిలేసి దాన్ని పట్టుకుంటుంది. సీసం మీద దీని పట్టు కాల్షియం మీద కంటే సుమారు 2 కోట్ల రెట్లు గట్టిది మరి! ఆ జంట నీళ్లలో కరిగి, మూత్రపిండాల దారిన బయటికి పోతుంది.

కాల్షియం లేని డైసోడియం ఈడీటీఏ వేరే సీసా. పేరులో తేడా ఒక్క మాటే. 2003, 2005 మధ్య అమెరికాలో ఇలాంటి వైద్యం తర్వాత కాల్షియం పడిపోయి ముగ్గురు చనిపోయారు, అందులో ఇద్దరు పసివాళ్లు. మందు ఎంత గట్టిగా పడుతుందన్నది కాదమ్మా నేనడిగేది, దేన్ని పడుతుంది, దేన్ని వదిలేస్తుంది అని.

ఒక్కో లోహానికి ఒక్కో పట్టు కావాలి. పాషాణానికి, అంటే ఆర్సెనిక్‌కు, గంధకమంటే ప్రాణం. ఒంట్లోని ఎంజైముల గంధకాన్ని అంటుకునే అది మనిషిని చంపుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో లూయిసైట్ అనే పాషాణపు విషవాయువు వాడతారేమోనన్న భయంతో ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం రెండు గంధకపు చేతులున్న మందు తయారుచేసింది. ఇప్పటి పేరు డైమెర్‌కాప్రోల్. వేరుశనగ నూనెలో కలిపి కండలోకి గుచ్చుతారు, మహా నొప్పి.

రాగి కథ నాకు మరీ ఇష్టం. విల్సన్ జబ్బులో రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. కంటి నల్లగుడ్డు అంచున గోధుమవన్నె వలయం కనిపిస్తుంది. జాన్ వాల్ష్ అనే ఇంగ్లీషు వైద్యుడు అంతకుముందెప్పుడో పెన్సిలిన్ వాడుతున్న రోగుల మూత్రంలో పెన్సిలమిన్ అనే తునకను చూసి ఉన్నాడు. బోస్టన్‌లో విల్సన్ రోగి ఎదురుపడినప్పుడు దాని ఆకారం గుర్తొచ్చింది: గంధకం, నైట్రోజన్, రాగికి సరిపోయే చేతులు! ముందు తనే మింగి చూసుకుని, తర్వాత రోగులకిచ్చాడు. 1956లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంతవరకూ చావే గతి అనుకున్న జబ్బది.

మన దగ్గర ఎక్కువమందికి అక్కరకొచ్చేది ఇనుము పట్టే మందు. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్క సంచిలో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము వస్తుంది. ఒళ్లు తనంతట తాను రోజుకు వదిలించుకునేది ఒకటో రెండో మిల్లీగ్రాములు. మిగిలింది గుండెలో, కాలేయంలో చేరుతుంది. బతికించే రక్తమే బరువవుతుంది. దీనికి దొరికిన మొదటి మంచి మందు డెస్ఫెరాక్సమిన్. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి తనకు కావలసిన ఇనుము కోసం చేసుకునే పదార్థమది. చిక్కేమిటంటే నోటి ద్వారా పనిచేయదు. పొట్ట చర్మం కింద సూది పెట్టి, చిన్న పంపుతో రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, వారంలో ఐదారు రాత్రులు ఎక్కించాలి. ఏ పిల్ల ఒప్పుకుంటుంది చెప్పు? మాత్రగా మింగే డెఫెరిప్రోన్‌కు 1990ల మధ్యలోనే మన దేశంలో అనుమతి వచ్చింది, యూరప్‌కూ అమెరికాకూ ముందే. కొందరిలో తెల్లకణాలు ప్రమాదంగా తగ్గుతాయి కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. రోజుకోసారి వేసుకునే డెఫెరాసిరాక్స్ అమెరికాలో 2005లో వచ్చింది.

ఇంతకీ మొన్న నువ్వు ఫోన్‌లో చూపించిన ‘ఒంట్లో విషాలన్నీ కడిగేస్తాం’ ప్రకటన సంగతి. వాళ్లు ముందు కీలేటింగ్ మందు ఇచ్చి, తర్వాత మూత్రం పట్టి పరీక్ష చేస్తారు. లోహం ఎక్కువే కనిపిస్తుంది, ఎందుకు కనిపించదు? గాలిలో, నీటిలో, తిండిలో ఉన్నది కాస్తో కూస్తో అందరి ఒంట్లోనూ ఉంటుంది, మందు దాన్ని లాక్కొస్తుంది. ఆ అంకెను మందు తీసుకోని మామూలు మనిషి అంకెతో పోల్చి ఎర్రసిరాతో గుండ్రం చుడతారు. సీసం అనుమానముంటే ఏ మందూ ఇవ్వకముందే చేతినరం నుంచి రక్తం తీసి చూడాలి. ఆ కాగితం వాళ్ల దగ్గర ఉందేమో అడుగు ముందు.