అద్భుతమును కరుణమును ఒక్క సంపుటమున



ఒకే కథల సంపుటమున ఒక కథ గ్రహాంతరయాత్రను వర్ణించును. మఱియొకటి వంటయింటి కన్నీటిని చెప్పును. దీనిని చూచి మనవంటి వృద్ధులు, "ఈ రెంటికిని పొత్తెట్లు కుదురును?" అని అడుగుదురు. నేనును చిరకాలము అట్లే తలంచితిని.

భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పెను. శోకము స్థాయిభావముగా గలది కరుణము. విస్మయము స్థాయిగా గలది అద్భుతము. ఈ రెండును ఒక్క గ్రంథమున ఇముడుట మనకు క్రొత్త కాదు. 16వ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున విమానములును మాయారూపములును కలవు. కలభాషిణి మనోవేదనయు కలదు. అయితే అచ్చట అద్భుతము వరముచేతను మంత్రముచేతను కలుగును. నేటి విజ్ఞానకథలో అది ప్రకృతిధర్మముచేత కలుగవలెను. భేదమింతియే.

ఇందుకు జగదీశచంద్ర బోసుగారి కథ మంచి నిదర్శనము. 1896లో కుంతలీన్ అను తలనూనె వర్తకులు వంగదేశమున కథల పోటీ పెట్టగా, ఆ శాస్త్రజ్ఞుడు ఒక కథ వ్రాసి బహుమానము నందెను. కలకత్తాపైకి రానున్న తుపాను హఠాత్తుగా మాయమగును. కారణమేమనగా, జ్వరపడి జుట్టు రాలిన గృహస్థుడొకడు ఓడపై సింహళమునకు పోవుచుండెను. కూతురు మఱవక అతని సామానులో నూనెసీసా నుంచెను. ఓడ మునుగబోవునపుడు అతడా నూనెను కెరటములపై చల్లగా సముద్రము శాంతించెను. నూనె నీటిపై పలుచని పొరయై వ్యాపించి చిన్న అలల నణచుట నిజము. ఒక్క సీసాతో తుపాను ఆగుట కథకుని చమత్కారము. ఈ కథనే మార్చి 1921లో 'అవ్యక్త' యను సంపుటమున చేర్చిరి. కూతురిని తొలగించినచో కథ శుష్కపాఠమగును. నూనె ధర్మమును తొలగించినచో గారడి యగును.

మన తెలుగున రావూరి భరద్వాజగారు (1927–2013) రెండు త్రోవలను నడచిరి. ఉన్నతపాఠశాల చదువు పూర్తికాకున్నను, హైదరాబాదు ఆకాశవాణిలో పనిచేసి, సామాన్యులకు విజ్ఞానగ్రంథములు వ్రాసిరి; బీదల బ్రదుకులను కథలుగా చెప్పిరి; భార్యావియోగ దుఃఖమును గ్రంథస్థము చేసిరి. 2012వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వారికి లభించెను.

ఇక మన దర్శి సంగతి. నేను బడిలో పాఠములు చెప్పు దినములలో, పండ్లపై గోధుమరంగు చారలు గల పిల్లలను చూచి, పండ్లు తోముకొనలేదని గద్దించితిని. అది వారి తప్పు కాదు, బావినీటి దోషమని ఆలస్యముగా తెలిసికొంటిని. 1937లోనే వైద్యులు నెల్లూరు మండలమున ఫ్లోరైడు వ్యాధిని గూర్చి ప్రకటించియుండిరి. అప్పుడు మన తాలూకా ఆ మండలములోనిదే. ఆ పదార్థము లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో పండ్లు చెడును. మఱింత హెచ్చైనచో కీళ్లు బిగిసికొని నడుము వంగును. దానిని పూర్వజన్మకర్మ మనుకొన్నవారెందఱో!

నడుము వంగిన తాతకొఱకు, బావినీటి విషమును హరించు క్రొత్త యంత్రమును మనుమడు కల్పించినట్లు ఒక కథ వ్రాసిరనుకొనుడు. అందు యంత్రము అద్భుతము. ఆ నీటిని తాత మొదట మనుమనిచేత త్రాగించుట కరుణము. రెంటిని విడదీయ నెవరితరము?

కావున, మీ పిల్లలు విజ్ఞానకథలు చదువుచుండగా వెఱ్ఱిమొఱ్ఱి కల్పనలని పుస్తకము లాగికొనకుడు. ప్రక్కన కూర్చుండి చదివించుకొని వినుడు. ఆనాడు అట్టి పుస్తక మొకటి నా చేత పడియుండినచో, ఆ పిల్లలను నేను గద్దించియుండను.