తోటలోని కందిరీగలు

పెరటితోటలో మల్లెపందిరి క్రిందనో, జామకొమ్మకో, వసారా చూరునకో ఒకనాడు బూడిదవన్నె కాగితపు గొడుగువంటి చిన్న గూడు కనబడును. దానిపై సన్నని నడుములు గల కీటకములు మెల్లగా తిరుగాడుచుండును. "అమ్మో! కందిరీగలు!" అని పిల్లలు దూరముగా పరుగెత్తుదురు. ఇంటి యజమాని గెడకఱ్ఱకు పాతగుడ్డ చుట్టి, కిరసనాయిలులో తడిపి, నిప్పు ముట్టించుటకు సిద్ధపడును. "అయ్యా, వానిని కాల్పకుడు. మన వంగమొక్కల పురుగులను ఏఱుకొని పోవుచున్నవి అవియే" అని తోటమాలి వారించును.

ఇద్దఱిలో ఎవరి మాట వినవలెను? ఇట్టి సందేహము ఎన్నియో ఇండ్లలో కలుగుచుండును. దీనికి సమాధానము భయమువలన గాని, జాలివలన గాని లభింపదు. ఆ గూడు ఏ జాతిది, దానియందు జరుగుచున్న పని యేమి, దానివలన ఎవరికి ఎట్టి అపాయము కలుగవచ్చును అను మూడు విషయములు తెలిసినచో ఏమి చేయవలెనో తేటపడును.

కందిరీగలలో కలసి కాపురముండు జాతులు కొన్ని, ఒంటరిగా బ్రతుకు జాతులు కొన్ని కలవు. గొడుగువంటి గూడు కట్టునవి కలసి యుండు జాతులు. ఇవి కాగితము చేయుటలో నేర్పరులు. ఎండిన కొయ్యలనుండియు, చెట్ల బెరళ్లనుండియు సన్నని నారను దవడలతో గీఱి, లాలాజలముతో కలిపి నమలి, ఆ ముద్దను పలుచని పొరగా పఱచును. అది ఆఱిన పిమ్మట గట్టి కాగితమగును. ఆ కాగితముతో ఆఱు మూలల గదులు కట్టి, గూటినంతటిని ఒక సన్నని కాడతో కొమ్మకు వ్రేలాడదీయును. చీమలు లోనికి వచ్చుటకు ఆ కాడయొక్కటియే మార్గము. కావున గూటిని కాచుకొనుట సులభమగును.

ఫ్రాన్సు దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు రెయోమూర్ ఈ పనిని శ్రద్ధతో పరిశీలించెను. ఆ కాలమున ఐరోపాఖండమున కాగితమునకు చింకిగుడ్డలే ముడిసరకు. గుడ్డలు లేకయే కొయ్యనుండి కాగితము చేయవచ్చునని కందిరీగలు మానవులకు నేర్పుచున్నవని అతడు 1719లో తన దేశపు విజ్ఞాన పరిషత్తునకు నివేదించెను. కొయ్యగుజ్జుతో కాగితము చేయు పద్ధతి వాడుకలోనికి వచ్చుటకు మఱియొక నూఱేండ్లకు పైగా పట్టినది. నేడు రాజమహేంద్రవరము నందలి కాగితపు మిల్లులో సరుగుడు, సుబాబుల్ కొయ్యలనుండి తీసిన గుజ్జు కాగితముగా మాఱుచున్నది. చూరు క్రింది కందిరీగ చేయు పనియు అదియే.

దక్షిణ భారతదేశమున తఱచుగా కనబడు కాగితపు గూళ్లలో రోపాలిడియా మార్జినేటా అను జాతి గూళ్లు ముఖ్యమైనవి. బెంగుళూరు నందలి భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్‌కర్ అను శాస్త్రజ్ఞుడు తన శిష్యులతో కలసి అనేక సంవత్సరములు ఈ జాతిని పరిశీలించి, తెలిసికొన్న విషయములను 2001లో గ్రంథముగా ప్రకటించెను. ఒక్కొక్క కందిరీగపై వేర్వేఱు రంగుచుక్కలు పెట్టి, ఏది ఏ పని చేయుచున్నదో వారు గంటల తరబడి వ్రాసికొనిరి.

గూటిలో గ్రుడ్లు పెట్టునది రాణి యొక్కటియే. తక్కిన ఆడకందిరీగలు గూడు కట్టుట, ఆహారము తెచ్చుట, పిల్లపురుగులను పోషించుట మొదలగు పనులు చేయును. ఈ రాణి తన వారిని కఱచి, అదలించి ఏలునది కాదు, మిక్కిలి సాధువు. తన శరీరమునుండి వెలువడు ఒక రసాయన పదార్థముచేతనే తన ఉనికిని తెలియజేయును. రాణిని గూటినుండి తొలగించినచో, కొలది నిమిషములలోనే తక్కిన వానిలో నొకటి విజృంభించి ఇతరములను తఱుమనారంభించును. సుమారు వారము దినములలో అది గ్రుడ్లు పెట్టసాగి, క్రమముగా తానును సాధువైన రాణి యగును. మగకందిరీగలు పుట్టిన కొలది దినములకే గూడు విడిచిపోవును. వానికి కుట్టు ముల్లు లేదు.

పెరిగిన కందిరీగలకు పూదేనె వంటి తీయని ద్రవములు ఆహారము. కాని గదులలోని పిల్లపురుగులకు మాంసాహారము కావలెను. అందుకొఱకు కందిరీగలు ఆకుల సందులను వెదకి, గొంగళిపురుగులను, ఇతర కీటకములను పట్టి, నమిలి, ముద్దచేసి తెచ్చి తినిపించును. గూటిలో పిల్లలు పెరిగినకొలది వేటయు పెరుగును. తోటమాలి కన్నులారా చూచి చెప్పినది ఇదియే.

ఆ మాట ప్రయోగములచేతను రుజువైనది. బ్రెజిల్ దేశమున కాగితపు గూళ్లు కట్టు ఒక జాతి కందిరీగలను పైరుల నడుమ ఉంచి శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. మొక్కజొన్నపై కత్తెర పురుగులను, చెఱకుపై కాండము తొలుచు పురుగులను అవి తగ్గించినట్లు 2019లో ప్రకటించిరి. ఆ కత్తెర పురుగే 2018లో మన దేశమున ప్రవేశించి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల మొక్కజొన్న చేలకు చేటు తెచ్చినది. కావున కందిరీగ వేటకు విలువ కట్టుట మన రైతునకును పనికివచ్చు లెక్కయే.

ఒంటరిగా బ్రతుకు కందిరీగల తీరు వేఱు. గోడమూలలందు, తలుపు చట్రములందు, పుస్తకముల బీరువా వెనుకను మట్టిగూళ్లు కట్టునవి ఇవి. ఆడ కందిరీగ తడిమట్టిని ఉండలుగా తెచ్చి గది కట్టి, ఒక పురుగునో సాలెపురుగునో తెచ్చి అందుంచి, ద్వారమును మట్టితో మూసివేయును. కొన్ని దినములకు ఆ గదినుండి పురుగునకు బదులు కందిరీగ వెలువడును. దీనిని చూచిన పూర్వులు, పురుగు కందిరీగనే ఎడతెగక తలచుచు, తుదకు ఆ రూపమునే పొందినదని భావించిరి. వేదాంత గ్రంథములలోని భ్రమరకీట న్యాయము దీనినుండి పుట్టినదే. ఎడతెగని ధ్యానమునకు అది చక్కని ఉపమానము. కాని గదిలో నిజముగా జరుగునది వేఱు. కందిరీగ తన ముల్లుతో పురుగును చంపక, చేష్టలుడుగునట్లు మాత్రమే చేయును. పురుగుతోపాటు ఒక గ్రుడ్డును గదిలో ఉంచును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల, చెడిపోక యున్న ఆ పురుగును తిని పెరిగి, రెక్కలు వచ్చిన పిమ్మట మట్టిని తొలిచికొని వెలికి వచ్చును. ఈ జాతులు గూటిని కాచుకొని యుండవు. చేతితో పట్టి నలిపిననే తప్ప ఇవి మనుష్యులను కుట్టుట అరుదు.

కంటికి సరిగా ఆనని చుట్టములును కందిరీగలకు కలవు. ట్రైకోగ్రామా అను కీటకము పొడవు ఒక మిల్లీమీటరైనను ఉండదు. అది వరిలో కాండము తొలుచు పురుగు, చెఱకులో పీకపురుగు మొదలగువాని గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి, వానిని పుట్టకముందే నశింపజేయును. ఈ కీటకములుగల అట్టలను రైతులు పొలములలో ఆకులకు తగిలించుచున్నారు. 2008లో కోయంబత్తూరు ప్రాంతమున బొప్పాయికి కొత్తజాతి పిండినల్లి పట్టి, అనతికాలములో మల్బరీ, కఱ్ఱపెండలము వంటి పైరులకును వ్యాపించినది. మందులు చల్లినను అది లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో దీవినుండి తెప్పించిన చిన్న కందిరీగ జాతులను బెంగుళూరులో పెంచి విడిచిన పిమ్మట పిండినల్లి ఉద్ధృతి అణగినది. వేమన పద్యము చదివిన ప్రతి బాలునకు మేడిపండు పొట్టలోని పురుగుల సంగతి తెలియును. వానిలో పెక్కులు కందిరీగ జాతికి చెందినవే. మేడి, మఱ్ఱి, రావి చెట్లకు పుప్పొడి చేర్చునవి అవియే. అవి లేనిచో ఆ చెట్లకు విత్తనములు లేవు.

ఇంతమాత్రముచేత కందిరీగలన్నియు నిరపాయకరములని తలచుట పొరపాటు. తేనెటీగ ముల్లు కుట్టినచోటనే చిక్కుకొనును. కుట్టిన పిమ్మట తేనెటీగ మరణించును. కందిరీగ ముల్లు నునుపైనది. కావున ఒకే కందిరీగ పలుమాఱులు కుట్టగలదు. ముఖ్యముగా పెద్దజాతులు భయంకరమైనవి. నల్లని శరీరముపై వెడల్పైన పసుపు పట్టెగల పెద్ద కందిరీగ ఇతర కందిరీగల గూళ్లపై బడి వాని పిల్లలను ఎత్తుకొనిపోవును. తేనెటీగలను పట్టు జాతులును కలవు. పెద్దజాతులలో కొన్ని చెట్లపై బంతివలెనో కుండవలెనో కాగితపు పొరలతో కప్పిన గూళ్లు కట్టును. వానిలో నొక్కదానిని నలిపినను దాని విషపు వాసనకు తక్కినవి రేగి మీదబడును. తాడిచెట్లెక్కు గీతపనివాండ్రకు ఇట్టి గూడు ఎదురైనచో క్రిందికి దిగు వ్యవధియైనను ఉండదు.

ఒకటి రెండు కాట్లవలన పెక్కుమందికి కలుగునది నొప్పి, వాపు మాత్రమే. కుట్టినచోట సబ్బుతో కడిగి, చల్లని నీటిలో తడిపిన గుడ్డ వేసినచో ఉపశమించును. సున్నము పూయుటవలన విషము విఱుగదు. కాని కొందఱి శరీరమునకు ఈ విషము పడదు. అట్టివారికి ఒక్క కాటుతోనే నిమిషములలో ఒడలెల్ల దద్దురులు లేచుట, పెదవులు ముఖము వాచుట, ఊపిరాడకుండుట, కన్నులు తిరుగుట సంభవించును. అప్పుడు ఇంటి వైద్యముతో కాలయాపన చేయరాదు. 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఎడ్రినలిన్ అను సూదిమందు సకాలమున ఇచ్చినచో ప్రాణము నిలుచును. పెక్కు కందిరీగలు ఒక్కమాఱుగా కుట్టినచో విషము మూత్రపిండములను దెబ్బతీయవచ్చును. కావున అప్పుడు రోగి కులాసాగా నున్నట్లు తోచినను వైద్యునకు చూపుట తప్పనిసరి.

ఇక మొదటి ప్రశ్నకు రావచ్చును. గూడు తోట మూలనో, మనుష్యులు మసలని ఎత్తైన కొమ్మననో ఉన్నచో దానిని విడిచిపెట్టుట మేలు. గూటికి దూరముగా ఆకులపై వేటాడుచున్న కందిరీగ సాధారణముగా ఎవరిని కుట్టదు. గూటికి ఆపద కలిగినదని తోచినప్పుడే మీదబడును. కందిరీగల తుట్టెను కదపుట అను నానుడి ఊరక పుట్టలేదు. సరదాకు విసరిన ఒక రాయి, విసరినవానినే గాక త్రోవను బోవు వారిని గూడ బాధించును. మట్టిగూళ్లను ఏమియు చేయనక్కఱలేదు. గోడ శుభ్రము చేయవలసియున్నచో, గూటికి రంధ్రములు పడి పిల్లలు ఎగిరిపోయిన పిమ్మట గీఱివేయవచ్చును.

గూడు వాకిలిపైననో, నూతిగట్టు వద్దనో, బడి వరండాలోనో, పిల్లలు ఊయల కట్టుకొను కొమ్మకో ఉన్నచో దానిని ఉంచరాదు. ఇంటిలో కందిరీగ విషము పడనివారున్నప్పుడు ఈ విషయమున ఉపేక్ష ఎంతమాత్రము తగదు. అట్టిచోట మొదటి రెండు మూడు గదులు కట్టుచుండగనే తొలగించినచో పని తేలిక; ప్రాణహానియు తక్కువ. పెరిగిన గూటిని తొలగించుట అనుభవముగల పెద్దల పని. చీకటిపడిన పిమ్మట, కందిరీగలు గూటిని చేరి కదలక యున్నప్పుడు, ఒడలంతయు కప్పుకొని వారు ఆ పని చేయుదురు. బంతివంటి పెద్ద గూళ్లను ఆ పనియందు ఆరితేఱినవారికే అప్పగింపవలెను. బాలురు దీనికి ఎన్నడును పూనుకొనరాదు.

శీతలదేశములలో శీతకాలము రాగానే కాగితపు గూళ్లు తమంతట తామే ఖాళీయగును. ఆ దేశములవారు "కొంతకాలము ఓపికపట్టుడు" అని చెప్పుటకు కారణమిది. మన ప్రాంతమున రోపాలిడియా గూళ్లు ఏడాది పొడవునను కట్టబడుచుండును. కావున వాకిలిపై గూడు దానంతట అదియే పోవునని ఎదురుచూచుట ఇక్కడ చెల్లదు.

నిప్పు పెట్టుట మాత్రము ఏ గూటికిని తగిన ఉపాయము కాదు. ఎలుకలమీది కోపముతో ఇల్లు తగులబెట్టినట్లు, చూరునకు ఎత్తిన దివిటీ కప్పునకు అంటుకొనవచ్చును. కాలక మిగిలిన కందిరీగలు రేగి ఇరుగుపొరుగువారిని కుట్టవచ్చును. తోటయంతటను పురుగుమందు చల్లినచో కందిరీగలతోపాటు తేనెటీగలును నశించును. వేటగాండ్రు లేని తోటలో గొంగళిపురుగులు మఱల పెచ్చు పెరుగును.

గూడు కనబడగానే అగ్గిపెట్టెకై వెదకుటకంటె, కొంత దూరమున నిలిచి, అది ఎచట నున్నది, ఆ త్రోవను ఎవరు నడచుచుందురు అని చూచుట మంచిది. వంగమడి ప్రక్కన జామకొమ్మకు ఉన్న గూటికి తోటమాలి మాట చెల్లును. పసిపిల్లలు తిరుగు వాకిలిపైన గూటిని యజమాని తీయింపవలసినదే. కాని ఆ పనికి కావలసినది దివిటీ కాదు, తెలిసినవాని చేయి.