కాంతి తరంగములు

చెరువులో రాయి విసరినచో నీటిపై అలలు లేచును. గుడిలో గంట మ్రోగినచో గాలి కంపించి ఆ ధ్వనిని మన చెవులకు చేర్చును. మొదటి దానికి నీరును, రెండవ దానికి గాలియు ఆధారములు. కాని సూర్యునికిని భూమికిని నడుమ గల సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరము దాదాపు శూన్యమే. వెలుగు ఆ శూన్యమును 8 నిమిషములకు పైగా దాటి మనలను చేరుచున్నది. కాంతియు తరంగమే యని 19వ శతాబ్దిలో ప్రయోగముల వలన తేలెను. అట్లయినచో శూన్యమునందు ఊగునది యేది?

విద్యుత్తు ప్రవహించు తీగ చెంత నుంచిన దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగునని 1820లో డెన్మార్కు దేశపు ఆయర్‌స్టెడ్ కనుగొనెను. తీగచుట్టలో అయస్కాంతమును కదల్చినచో ఆ తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో ఇంగ్లండునందు మైకేల్ ఫారడే నిరూపించెను. విద్యుత్తు యొక్క ప్రభావము వ్యాపించియుండు ప్రదేశమును విద్యుత్ క్షేత్రమనియు, అయస్కాంత ప్రభావము వ్యాపించియుండు ప్రదేశమును అయస్కాంత క్షేత్రమనియు అందురు.

స్కాట్లండు దేశీయుడగు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఈ రెండింటిని గణితముతో ముడివేసెను. మారుచుండు అయస్కాంత క్షేత్రము విద్యుత్ క్షేత్రమును పుట్టించును. మారుచుండు విద్యుత్ క్షేత్రము అయస్కాంత క్షేత్రమును పుట్టించును. ఇట్లు ఒకదాని కొకటి ఊతయై రెండును ముందునకు సాగును. వాటి వేగమును లెక్కింపగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లని తేలెను. అది కాంతివేగమే! కావున కాంతి విద్యుదయస్కాంత తరంగమని ఆయన 1865లో వెలువడిన వ్యాసమున ప్రకటించెను.

ఉదయమున తూర్పునుండి పడమరకు సాగు ఒక కిరణమును ఊహింపుడు. దానియందు విద్యుత్ క్షేత్రము మీదికిని క్రిందికిని ఊగినచో, అయస్కాంత క్షేత్రము ఉత్తర దక్షిణములకు ఊగును. రెండును పరస్పరము లంబముగ నుండి, కిరణము సాగు దిశకును లంబముగ నుండును. ఒకటి పెరుగునప్పుడు రెండవది తగ్గునని కొందరు భ్రమపడుదురు. అది సరికాదు. శూన్యమునందు రెండును కలిసియే పెరుగును; కలిసియే తగ్గును; ఒకేసారి సున్న యగును. మరి అప్పుడు తరంగము ఆరిపోదా? ఉయ్యాలను చూడుడు. నట్టనడుమకు వచ్చినప్పుడు అది ఆగునా? అచ్చటనే దాని వేగము మిక్కుటము. అట్లే క్షేత్రములు సున్నయైన చోటనే వాటి మార్పు అత్యంత వేగముగ నుండును. ఆ మార్పే తరువాతి ఊపునకు కారణము. ఆకుపచ్చని వెలుగునందు ఈ ఊపు సెకనుకు సుమారు 6 కోట్ల కోట్ల సార్లు జరుగును.

మాక్స్‌వెల్ 1879లో, 48 ఏండ్ల వయస్సున మరణించెను. తన లెక్క నిజమగుటను ఆయన కన్నులార చూడలేదు. 1887, 1888 సంవత్సరములలో జర్మనీ దేశీయుడగు హెర్ట్జ్ విద్యుత్తు రవ్వల సాయమున, కంటికి కానరాని అట్టి తరంగములను పుట్టించెను. అవి కాంతివలెనే పరావర్తనము చెందుటను చూపెను. నేడు రేడియో పాటలను, సెల్‌ఫోను మాటలను మనకు చేర్చునవి అట్టి తరంగములే. అవియు, మనకు లోకమును చూపు వెలుగును ఒక్క కుటుంబములోనివే.