పెద్ద బండి కొనే ముందు చిన్న లెక్క
లీటరుకు ఎంతిస్తుందో తర్వాత.. ఏడాదికి ఎంత తిరుగుతారు?

సికింద్రాబాద్: సాయంత్రం ఆరు దాటితే ప్యాట్నీ కూడలి నుంచి ప్యారడైజ్ దాకా బండ్లు చీమల బారులా కదులుతాయి. ఒకప్పుడు ఈ రోడ్డుమీద కారంటే అంబాసిడర్, కాదంటే ఫియట్. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగిన కార్లను చూడండి. పెద్ద టైర్లు, ఎత్తయిన సీట్లు, జీపును తలపించే ముఖం. క్రెటా, సెల్టోస్, గ్రాండ్ విటారా, హైరైడర్, హారియర్.. ఇలా ఎన్నో పేర్లు. షోరూం వాళ్ల భాషలో వీటిని మిడ్‌సైజ్ ఎస్‌యూవీలంటారు. మధ్యతరగతి ఇంటికి ఇప్పుడు ఇదే కలల బండి.

కొనేటప్పుడు రంగు చూస్తారు, పైకప్పు అద్దం చూస్తారు, తెర ఎన్ని అంగుళాలో చూస్తారు. కొన్న రెండో నెలలో పెట్రోలు బంకు దగ్గర అసలు సంగతి తెలుస్తుంది. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు, పదిహేను లక్షల బండి కొన్నవారు ఏసీ వేయడానికి వెనకాడుతుంటారు. ఆ అవస్థ రాకుండా ముందే కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుంటే అరగంటలో తేలే లెక్క ఇది.

పరీక్ష గది వేరు.. కార్ఖానా రోడ్డు వేరు

కంపెనీలు చెప్పే మైలేజీ అబద్ధం కాదు. కాకపోతే అది మన రోడ్డుమీద తీసింది కాదు. పూణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థల్లో బండిని రోలర్ల మీద నిలబెట్టి నడుపుతారు. సుమారు ఇరవై నిమిషాలు, పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు దూరం. వేగం 90 కిలోమీటర్లు దాటదు. ఏసీ ఉండదు. ఎదురుగా ఆటో అడ్డం రాదు. అందులో తేలిన అంకెను ప్రకటనల్లో వేస్తారు.

ఆ లెక్క ప్రకారం 1.5 లీటర్ల పెట్రోలు క్రెటా, గేర్లు చేత్తో మార్చేది, లీటరుకు 17.4 కిలోమీటర్లు ఇస్తుంది. అదే క్రెటా డీజిల్‌లో 21.8. గ్రాండ్ విటారా మామూలు పెట్రోలుది 21.11. అదే బండిలో బ్యాటరీ, మోటారు కలిసిన స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే 27.97. దాని తోబుట్టువైన టయోటా హైరైడర్ హైబ్రిడ్‌దీ అదే అంకె. ఇంకాస్త పెద్దదైన హారియర్, రెండు లీటర్ల డీజిల్ ఇంజనుతో, 16.8.

ఇప్పుడు అల్వాల్‌లో ఇల్లు, బేగంపేటలో ఉద్యోగం ఉన్న ఒక కుటుంబాన్ని తీసుకుందాం. లోతుకుంట, తిరుమలగిరి, కార్ఖానా, జూబ్లీ బస్‌స్టేషన్, ప్యారడైజ్.. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ బ్రేకు. ఈ దారిలో పరీక్ష గది అంకెలో మూడో వంతు కోత పడుతుందనుకుందాం. హైబ్రిడ్ మాత్రం ఆగినప్పుడు ఇంజను ఆపేస్తుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలోకి మళ్లిస్తుంది. కనుక దానికి అయిదో వంతే తగ్గిద్దాం.

నెల తిరిగేసరికి ఎంత?

2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో పెట్రోలు లీటరు 107 రూపాయల 41 పైసలకు, డీజిల్ 95 రూపాయల 65 పైసలకు వచ్చాయి. ఈ లెక్కంతా ఆ ధరల మీదే. మీరు లెక్క వేసే రోజున బంకు బోర్డుమీద ఏ అంకె ఉంటే అది వేసుకోండి.

రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. అంటే 750 కిలోమీటర్లు. పెట్రోలు క్రెటాకు కిలోమీటరుకు 9 రూపాయల 26 పైసలు, నెలకు 6,945 రూపాయలు. గ్రాండ్ విటారా మామూలు పెట్రోలుకు కిలోమీటరుకు 7.63, నెలకు 5,720. డీజిల్ క్రెటాకు 6.60, నెలకు 4,950. హైబ్రిడ్‌కు 4.80, నెలకు 3,600. హారియర్ డీజిలే అయినా బరువైన బండి కనుక 8.54, నెలకు 6,405 రూపాయలు. డీజిల్ అన్న ఒక్క మాటతో పొదుపు రాదని హారియర్ అంకె చెబుతోంది.

ఇంతవరకు చూస్తే హైబ్రిడ్‌దే గెలుపు, డీజిల్‌ది రెండో స్థానం. షోరూంలో సేల్స్‌మన్ కూడా ఇక్కడికే చెప్పి ఆపేస్తాడు. మనం ఇంకో మెట్టు ఎక్కాలి.

డీజిల్ ఎవరికి గిట్టుబాటు?

2024 జనవరిలో కొత్త క్రెటా వచ్చినప్పుడు అన్నిటికంటే తక్కువ రకం పెట్రోలు బండి షోరూం ధర సుమారు 11 లక్షలు. అదే రకం డీజిల్ 12 లక్షల 45 వేలు. తేడా లక్షా 45 వేలు. ఎక్కువ పెట్టిన సొమ్ము మీద లైఫ్ ట్యాక్స్ కూడా ఎక్కువే పడుతుంది. మొత్తం తేడా లక్షా 70 వేలు అనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతి బండ్లకు జీఎస్టీ, సెస్సుల బదులు ఒకే 40 శాతం పన్ను వచ్చి ధరలు కొంత దిగాయి. అయినా లెక్క వేసే పద్ధతి మారదు.

అల్వాల్ కుటుంబానికి డీజిల్‌తో కిలోమీటరుకు 2 రూపాయల 66 పైసలు మిగులుతాయి. ఏడాదికి 9,000 కిలోమీటర్లకు 23,940 రూపాయలు. ఎక్కువ పెట్టిన లక్షా 70 వేలు తిరిగి రావాలంటే దాదాపు 64,000 కిలోమీటర్లు తిరగాలి. అంటే ఏడేళ్లు దాటుతుంది. ఆ లక్షా 70 వేలు అప్పు చేసినదైతే, నూటికి తొమ్మిది వడ్డీ చొప్పున మొదటి ఏడాది 15,300 రూపాయలు బ్యాంకుకే పోతాయి. చేతిలో మిగిలేది 8,640. నెలకు 720 రూపాయలు. దానికోసం లక్షా 70 వేలు ముందే పోయడం అవసరమా అన్నది ఆ ఇంటివారే తేల్చుకోవాలి.

ఇప్పుడు రెండో మనిషిని చూద్దాం. ఉండేది బోయినపల్లిలో. వ్యాపారం మీద తరచూ రాజీవ్ రహదారి పట్టి సిద్దిపేట, కరీంనగర్ పోయి వస్తారు. నెలకు 2,000 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటుంది కనుక పరీక్ష గది అంకెలో అయిదో వంతే కోత వేద్దాం. పెట్రోలుకు కిలోమీటరుకు 7.73, డీజిల్‌కు 5.50. మిగులు 2 రూపాయల 23 పైసలు. ఏడాదికి 24,000 కిలోమీటర్లకు 53,520 రూపాయలు. మొదటి ఏడాది వడ్డీ పోను 38,220 చేతికొస్తుంది. వడ్డీ కలపకుండా చూస్తే ఎక్కువ పెట్టిన సొమ్ము మూడేళ్ల పైచిలుకులో తిరిగొస్తుంది. ఈయనకు డీజిల్ కలిసొచ్చే బండి. బండి అదే, బంకు ధర అదే. తేడా తెచ్చింది తిరుగుడు.

ఇంకో సంగతి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటోంది. అది నిండినప్పుడు, బండి కాసేపు మంచి వేగంలో నడిస్తే ఆ వేడికి మసి కాలిపోతుంది. రోజూ మారేడుపల్లి నుంచి మోండా మార్కెట్ దాకా రెండు మూడు కిలోమీటర్లు పోయి వచ్చే బండికి ఆ వేడి అందదు. డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. పట్టించుకోకపోతే వర్క్‌షాపుకు పోవాల్సి వస్తుంది. రహదారి మీద తిరిగే వారికి ఈ బెడద తక్కువ. కొన్ని డీజిల్ బండ్లలో పొగ శుద్ధికి యూరియా ద్రావణం కూడా విడిగా పోయించాలి.

హైబ్రిడ్‌కు లక్ష కిలోమీటర్లు

గ్రాండ్ విటారా 2022 సెప్టెంబరులో వచ్చింది. అప్పట్లో జీటా రకంలో ఆటోమేటిక్ గేర్ల మామూలు పెట్రోలు బండి 15 లక్షల 39 వేలు. జీటా ప్లస్ హైబ్రిడ్ 17 లక్షల 99 వేలు. తేడా 2 లక్షల 60 వేలు. పన్నుతో మూడు లక్షలు దాటుతుంది. ఆటోమేటిక్ బండి మైలేజీ 20.58. ఊళ్లో కోత పోను కిలోమీటరుకు 7 రూపాయల 84 పైసలు పడుతుంది. హైబ్రిడ్‌కు 4.80. మిగులు 3 రూపాయల 4 పైసలు.

భాగించి చూడండి. ఎక్కువ పెట్టిన డబ్బు రావాలంటే లక్ష కిలోమీటర్లు తిరగాలి. అల్వాల్ కుటుంబానికి పదకొండేళ్లు పడుతుంది. ఊళ్లోనే రోజుకు 80, 90 కిలోమీటర్లు తిరిగేవారికి నాలుగేళ్లలోపే వచ్చేస్తుంది. ట్రాఫిక్ ఎంత ఎక్కువైతే హైబ్రిడ్‌కు అంత లాభం. నిలకడగా సాగే రహదారి మీద ఆ లాభం తగ్గుతుంది. హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ ఎనిమిదేళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్ల హామీ ఇస్తోంది. అది కొంత ధైర్యం. సాఫీగా, చప్పుడు లేకుండా పోతుందన్న సుఖానికి డబ్బు పెడుతున్నామనుకుంటే తప్పులేదు. పొదుపు కోసం అనుకుంటే మాత్రం కిలోమీటర్లు లెక్కపెట్టుకోవాలి.

కరెంటు బండి సంగతి

2025 జనవరిలో క్రెటా కరెంటుతో నడిచే రూపంలోనూ వచ్చింది. చిన్న బ్యాటరీ 42 యూనిట్లది. ఒకసారి నింపితే 390 కిలోమీటర్లని అప్పటి పరీక్ష గది మాట. మన మూడో వంతు కోత వేస్తే 260. ఛార్జింగ్‌లో పోయే నష్టం కలిపి 48 యూనిట్లు, యూనిట్ తొమ్మిది రూపాయలు అనుకున్నా కిలోమీటరుకు 1 రూపాయి 66 పైసలే. 2024 నవంబరులో ప్రకటించిన విధానంలో రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బండ్లకు 2026 చివరి వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసింది. సొంత ఇల్లు, గేటులోపల పార్కింగ్ ఉన్నవారు ఈ లెక్క తప్పక వేసి చూడాలి. అపార్టుమెంటులో ఉండేవారు ముందు సంఘం పెద్దలను అడిగి, పార్కింగ్ దగ్గర ప్లగ్గు పాయింటు సంగతి తేల్చుకోవాలి. బయట ఛార్జింగ్ కేంద్రాల్లో నింపితే ధర ఎక్కువ. ఈ లాభం కరుగుతుంది.

కనిపించని కోతలు

పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం కలుస్తోంది. ఇథనాల్‌కు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. దానికి తగ్గట్టు తయారుకాని పాత కార్లలో మైలేజీ 6, 7 శాతం, తగ్గట్టు తయారైన వాటిలో 1, 2 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీ కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి. నెలకు 6,945 రూపాయల బిల్లుమీద ఆరు శాతమంటే 400 పైమాటే.

ఆగిన బండి కూడా తాగుతుంది. ఏసీ వేసి నిలిపితే గంటకు లీటరు దాకా పోతుంది. రోజుకు ఇరవై నిమిషాలు సిగ్నళ్ల దగ్గర, బడి గేటు దగ్గర ఇంజను ఆపకుండా ఉంటే నెలకు ఎనిమిది లీటర్లు. అంటే 850 రూపాయల పైచిలుకు కదలకుండానే ఖర్చయినట్టు. పిల్లలు వచ్చేదాకా ఇంజను ఆపి కిటికీ దించుకుంటే అందులో సగమైనా మిగులుతుంది.

ఎత్తయిన బండికి గాలి అడ్డు ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ ఆ అడ్డు వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. మేడ్చల్ దాటాక 80లో పోయే బండి 110 అందుకుంటే గాలి అడ్డు దాదాపు రెట్టింపవుతుంది. టైర్లు పెద్దవి కనుక మార్చేటప్పుడు ఖర్చూ పెద్దదే. పదిహేను రోజులకోసారి గాలి చూపించుకుంటే టైరూ మిగులుతుంది, పెట్రోలూ మిగులుతుంది.

మీ లెక్క మీరే తీయండి

ముందు ఇప్పుడు నడుపుతున్న కారో స్కూటరో, దాని మీటరు అంకె రాసుకోండి. సరిగ్గా నెల తర్వాత మళ్లీ చూడండి. పన్నెండుతో హెచ్చవేస్తే ఏడాది తిరుగుడు వస్తుంది. చాలామంది ఊహించుకునే దానికీ, మీటరు చెప్పేదానికీ పొంతన ఉండదు.

తర్వాత కొనాలనుకున్న రెండు బండ్ల మైలేజీకి కోత వేసి, బంకు ధరను దానితో భాగించండి. రెండింటి తేడాతో షోరూం ధరల తేడాను మళ్లీ భాగించండి. వచ్చిన కిలోమీటర్లను అయిదేళ్లలో తిరగలేరనుకుంటే, చవక రకమే మీ బండి. ఏడాదికి పదివేల లోపు తిరిగే ఇంటికి సాధారణంగా మామూలు పెట్రోలు బండే చాలు. ఇరవై వేలు దాటితే డీజిల్, ఊళ్లోనే అంత తిరిగితే హైబ్రిడ్, ఇంట్లో ప్లగ్గు ఉంటే కరెంటు బండి.

కొన్న తర్వాత ఒకే బంకులో ట్యాంకు నిండుగా పోయించి, మీటరు రాసుకుని, మళ్లీ అక్కడే నిండుగా పోయించినప్పుడు తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. మూడుసార్లు చేసి సగటు తీస్తే అది మీ మైలేజీ. పూణెది కాదు, పక్కింటాయనదీ కాదు. బండి ఎంత పెద్దదైనా, దాన్ని మేపేది మాత్రం మీ నెల జీతమే.