బండి తనే నడుస్తుంది... టీ ఎవరు పెట్టాలి?

నా చిన్నప్పుడు చెల్పూరు నుంచి మేడారం జాతరకి ఎడ్లబండి కట్టుకుని వెళ్లేవాళ్లం. రెండేళ్లకోసారి వచ్చే సంబరం! బియ్యం, గిన్నెలు, చాపలు, అమ్మవార్లకిచ్చే బెల్లం 'బంగారం', అన్నీ బండిలోనే. రాత్రయితే నాయన పగ్గాలు పట్టుకునే కునుకు తీసేవాడు. ముందు బండి వెనకాలే మా ఎడ్లు వాటంతటవే నడిచేవి. డ్రైవర్ లేని బండి మాకేం కొత్త చెప్పండి!

ఇప్పుడు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, ఫీనిక్స్ నగరాల్లో వేమో టాక్సీలు డ్రైవర్ లేకుండానే తిరుగుతున్నాయి. మన సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీలో, తిహాన్ కేంద్రంలో ఇలాంటి బండ్లను పరీక్షిస్తున్నారు. కెమెరాలు దారి చూస్తే, కంప్యూటర్ స్టీరింగ్ తిప్పుతుంది. పడకా, పొయ్యీ ఉన్న కారవాన్‌కీ ఈ ఏర్పాటు వస్తే? రాత్రి పడుకుని పొద్దున్నే అరకులో లేవొచ్చు! బండి నడిపే మనిషి నిద్రపోకుండా పక్కసీట్లో మనం జాగారం చేసే బాధ తప్పుతుంది. డ్రైవింగ్ రాని నాలాంటివాళ్లు ఎవర్నీ బతిమాలకుండా అక్కచెల్లెళ్లతో బయల్దేరొచ్చు.

కాకపోతే జాతర దారిలో గొర్రెలమంద అడ్డమొస్తే ఎద్దు తనే ఆగేది. కంప్యూటర్ అంత నేర్చేదాకా నన్ను ఎక్కమనకండి.

ఇదంతా చెబితే మావారు తెగ సంబరపడ్డారు. "హాయిగా అడవి చూస్తూ కూర్చుంటా, నువ్వు వేడిగా టీ పెట్టు" అన్నారు. ఆనాడు నాయన కునుకు తీస్తుంటే అమ్మ మమ్మల్ని ఒళ్లో పట్టుకుని కూర్చునేది. బండి ఆగగానే మూడు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించేది.

టీ మీరు పెడితేనే వస్తానన్నాను. ఇంకా జవాబు రాలేదు.