ఎదురుగా కృష్ణ, సముద్రం. కాఫీకి మాత్రం టిన్ను నీళ్లు

మాఘ పౌర్ణమి ముందు రాత్రి హంసలదీవి ఇసుకలో దుప్పటి పరుచుకుని పడుకున్నవాళ్లకు తెల్లవారుజామున నాలుగింటికి మొదట గుర్తొచ్చేది సంగమ స్నానం కాదు, కాఫీ. భక్తి తక్కువై కాదు, చలి ఎక్కువై. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఫిల్టరు, పొడి, పాలు, పంచదార, స్టీలు గ్లాసులు అన్నీ సర్దుకున్నాను. నీళ్లదేముంది, అక్కడున్నవన్నీ నీళ్లేగా అనుకున్నాను. దారిలో ఒక చేతిపంపు దగ్గర రెండు సీసాలు పట్టి ఊరుకున్నాను. మా బాబాయి ఒక్క గుక్క తాగి, గ్లాసు ఇసుకలో బోర్లించి, "ఇది సముద్రుడికే నైవేద్యం పెట్టరా" అన్నాడు.

ఆ ఉప్పు ఎక్కడిదో లెక్క వేస్తే తెలుస్తుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అంటే 5 మిల్లీలీటర్ల చెంచాడు సముద్రంలో 175 మిల్లీగ్రాములు. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 2,000 వరకు సర్దుకోవచ్చని మన దేశపు ప్రమాణం చెబుతోంది. కాఫీ రుచిచూసే నిపుణులు ఇంకా పట్టుదల మనుషులు. వాళ్లకు కావలసింది 150, మహా అయితే 250. లీటరు మంచినీళ్లలో 100 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. అందులో ఒక్క చెంచాడు సముద్రం కలిస్తే 275. హద్దు దాటిపోయింది. సముద్రపు నీళ్లతో కడిగిన గిన్నెను తుడవకుండా కాఫీకి పెడితే అడుగున మిగిలేది కూడా ఇంచుమించు ఆ చెంచాడే.

మరి ఎదురుగా ఉన్న కృష్ణ? పులిగడ్డ దగ్గర రెండు పాయలైన నది మధ్యన ఉన్నదే హంసలదీవి ఉన్న ఈ దివిసీమ. విజయవాడలో 1855 నాటికి ఆనకట్ట, దాని బదులు 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక డెల్టా పొలాలకు నీళ్లు కాలవల్లో వెళ్తున్నాయి. వానాకాలం దాటాక నదిలో కిందికి వచ్చేది తక్కువ. పైనుంచి తోసే నీరు లేనప్పుడు పోటు సముద్రాన్ని నదిలోకి ఎక్కిస్తుంది. సుమారు 12 గంటల 25 నిమిషాలకొకసారి ఇదే తంతు. పైగా పౌర్ణమికి పోటు పెద్దది. భూమిలో నీళ్లదీ తీరం పొడవునా ఇదే బాధ. చేతిపంపు నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని నమ్మొద్దు, ఉప్పు కంటికి కనపడదు. ఒక చుక్క నాలుక మీద వేసుకోండి, సబ్బు నురగ వస్తుందో లేదో చూడండి. కాఫీకి మీటరు కొనాల్సిన పనేమీ లేదు. అవనిగడ్డలోనో కోడూరులోనో శుద్ధి ప్లాంటు దగ్గర 20 లీటర్ల టిన్ను ఎక్కించుకుంటే సరిపోతుంది. ఆ ప్లాంటు నీళ్లలో లవణాలు మరీ తక్కువై ఉత్త డికాక్షన్ కాస్త చప్పగా ఉంటుందని అంటారు. నిజమే గానీ, గేదె పాలు పడ్డాక ఆ తేడా కనిపెట్టగలిగినవాడు నాకింకా ఎదురుపడలేదు.

ఆరుగురికి లెక్క ఇది. మనిషికి 40 మిల్లీలీటర్ల డికాక్షన్ చొప్పున 240. పొడి 45 గ్రాములు. పొడి తన బరువుకు సుమారు రెండింతల నీరు పీల్చుకుని తిరిగి ఇవ్వదు. అంటే 90 పోయినట్టే, కాబట్టి పోయాల్సింది 330. అరలీటరు పాల ప్యాకెట్టు ఆరుగురికి పంచితే తలా 83. ఇంతా చేసి కాఫీకి అక్షరాలా కావలసిన నీళ్లు మూడో వంతు లీటరు! టిన్ను ఎందుకంటారా, గిన్నెలు కడగొద్దూ?

పొడి సంగతి చిన్నది. దారిలో కొట్టుకెళ్లి ఎదురుగా మర పట్టించుకుంటే చాలు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది చట్టం. వేయించిన కాఫీలో నీటిలో కరిగేది సుమారు 30 శాతమే, చికోరీలో సగానికి పైగా కరుగుతుంది. ఇంట్లో నేను చికోరీ వేయను. ఇసుకలో, చలిలో, నీళ్ల వేడి నిలవని చోట మాత్రం పదిహేను శాతం చికోరీ ఆదుకుంటుంది, చిక్కదనం, రంగు అదే చూసుకుంటుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికాలో చికోరీ కలపడం నాకు మనసొప్పదు. అది వేరే సంగతి.

వేడి దగ్గర మనకో అదృష్టం ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ, ఇంచుమించు ప్రతి 300 మీటర్లకు, నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. అరకు గింజలు పండే 900 నుంచి 1,100 మీటర్ల కొండల మీద సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఎవరెస్టు బేస్ క్యాంపులో, 5,364 మీటర్ల దగ్గర, సుమారు 83. కాఫీ సారం బాగా దిగాలంటే 90 నుంచి 96 డిగ్రీలు కావాలి. మన తీరంలో మరుగు నిండా నూరు. అయితే మరిగాక అర నిమిషం ఆగి పోయమనే సలహా ఇక్కడ పనికిరాదు. ఫిల్టరు 300 గ్రాముల స్టీలనుకుందాం. రాత్రంతా మంచులో ఉండి 20 డిగ్రీలకు దిగి ఉంటుంది. అందులో 45 గ్రాముల చల్లటి పొడి. 330 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసిన క్షణానే దాదాపు 90కి పడిపోతాయి. ఇంకా ఆగితే ఏముంది? కుతకుతలాడుతుండగానే పోసి, మూతపెట్టి, తువ్వాలు చుట్టాలి. ఇసుకలో ఫిల్టరు ఒక పక్కకు ఒరిగితే నీళ్లు ఆ పక్కనే జారిపోయి డికాక్షన్ పల్చబడుతుంది. కింద ఒక పీట వేయండి, ఇంట్లో చపాతీలు చేసేదైనా సరే.

ఇక గాలి. ఆ నీళ్లూ పాలూ 22 డిగ్రీల నుంచి మరిగించడానికి సుమారు 260 కిలోజౌల్‌ల వేడి కావాలి. ఒక గ్రాము గ్యాసులో 46 ఉంటుంది. ఇంటి గ్యాసు పొయ్యి ప్రమాణం ప్రకారం కనీసం 68 శాతం వేడిని గిన్నెకు ఇవ్వాలి, ఆ లెక్కన 8 గ్రాములు చాలు. గాలికి అది సగమైతే 17. ఎంత చెడ్డా 5 కిలోల సిలిండరుకు ఇదొక లెక్కా? పోయేది గ్యాసు కాదు, ఓపిక. మంట గిన్నె పక్కనుంచి పారిపోతుంటే చూస్తూ కూర్చోవాలి. ఇక్కడొక మెలిక. సాయంత్రం గాలి సముద్రం మీంచి వస్తుంది, తెల్లవారుజామున తరచుగా నేల మీంచి సముద్రం వైపు మళ్లుతుంది. గాలికి అడ్డంగా రాత్రి కట్టిన అట్టముక్క పొద్దున్నకు తప్పు పక్కన ఉంటుంది. సరుగుడు పుల్లలతో మూడు రాళ్ల పొయ్యి పెట్టేవాళ్లకు పుల్లలు చేరెడు చాలు గానీ పొగ పాలలో దిగుతుంది. మడ అడవుల వైపు, సుమారు 195 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది, మంట మాటే వద్దు.

పాలు సాయంత్రం కొన్నవి తెల్లారేసరికి విరగడం మామూలే. 8 డిగ్రీల లోపు ఉంచమని ప్యాకెట్టు మీదే రాస్తారు. ఐసు పెట్టె లేకపోతే పాలపొడి మేలు, 500 మిల్లీలీటర్లకు 65 గ్రాములు. కాస్త తియ్యదనం ఎక్కువ, పంచదార తగ్గించుకోండి.

మరుసటి ఏడు పీట, టిన్ను, తువ్వాలు అన్నీ పట్టుకెళ్లాను. అట్టముక్క తిప్పి పెట్టే పని బాబాయిదే. తాగి ఏమీ అనలేదు. కాసేపాగి ఫిల్టరు మూత తీసి లోపలికి చూసి, "రెండో డికాక్షన్‌కి నీళ్లున్నాయా?" అన్నాడు.